ఎర్రగుడ్డ గంట

మా పెద్దమ్మ ట్రంకుపెట్టె అడుగున, కలరా ఉండల వాసన కొడుతున్న చీరల కింద, ఆ ఎర్రగుడ్డ కనబడగానే నేను పెట్టిన కేకకు ఇంట్లో ఉన్నవాళ్ళందరూ పరుగెత్తుకొచ్చారు. తేలు కుట్టిందనుకున్నారట పాపం. నేనేమో ఆ గుడ్డను రెండు చేతులా గుండెకు అదుముకుని ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, రెండూ ఒకేసారి చేస్తున్నాను. రెండు మూరల ముతక నేత, ఒక అంచుకు తాడు దూర్చడానికి మడిచి కుట్టిన కుట్టు, ఎండకు వెలిసి బెల్లం రంగుకు తిరిగిన ఎరుపు. "ఇంత పాతగుడ్డకు అంత గోల ఎందుకొదినా?" అని మా తమ్ముడి భార్య విస్తుపోయింది. పాతగుడ్డ అట! "అది మా బడి గంట" అన్నాను. పెద్దమ్మ పోయిన దుఃఖంలో నాకు మతి చలించిందేమోనని ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ దినానికి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చి, ఆమె సామాను సర్దుతూ కూర్చున్న నాకు ఆ క్షణంలో అరవై దాటిన వయసు ఎటు పోయిందో తెలియదు. నేను మళ్ళీ అయిదో తరగతి సరోజనైపోయాను, లెక్కలు రాని సరోజను.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. నాయన గుంటమగ్గం మీద కూర్చుంటే అమ్మ రాట్నం ముందు కండెలు చుట్టేది. ఇల్లంతా గంజి వాసన, రంగు వాసన, లడ్‌లడ్ మని మగ్గం చప్పుడు. ఆ ఇంట్లో పోగులు లెక్కపెట్టడం పాలు తాగినంత సులువుగా అందరికీ వచ్చు, నాకు తప్ప. ఎక్కం అప్పజెప్పమంటే నా నాలుక పిడచకట్టుకుపోయేది. అంకెలు నా బుర్రలోకి ఒక తలుపులోంచి వచ్చి ఇంకో తలుపులోంచి వెళ్ళిపోయేవి. తిట్టారు, కొట్టారు, ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నారు. చివరికి నాయన, "దీనికి సదువు అబ్బదులే, కండెలు సుట్టుకోనీ" అని తేల్చేశాడు. అప్పుడు ఊరికి వచ్చిన పెద్దమ్మ నా గుడ్డలు ఒక సంచిలో కుక్కి, "లెక్కలు రాకపోతే రాకపోనీప్పా, తక్కినయన్నీ వస్తాయి కదా. నాతో పంపు" అని నన్ను ఆదోని బస్సెక్కించింది. పెదనాన్న ఎప్పుడో పోయాడు, ఆమెకు పిల్లలు లేరు. కానీ పిల్లలు లేరని ఆమె ముందు ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేది కాదు. బడి నిండా ఉన్నారు కదా అనేది.

పెద్దమ్మ సుభద్రమ్మ, మిల్లుల వెనక ఉన్న చిన్న బడికి హెడ్మిస్ట్రెస్. తెల్లవారగానే వంటింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. కట్టెల పొయ్యి పొగ, పెనం మీద కాలే జొన్నపిండి కమ్మని వాసన, రోట్లో వేరుశెనగలు వేసి నూరుతున్న చెనిక్కాయల చట్నీలో వెల్లుల్లి ఘాటు. రొట్టె తడుతూ ఆమె తనలో తాను మాట్లాడుకునేది. ఒక్కో రొట్టెకు ఒక్కో పిల్లవాడు. "నరసింహులు ఈ పొద్దు రాడు, వాళ్ళది ఆస్పరి దగ్గర చేను, చెనిక్కాయ పీకుతాండారు, సాయంత్రం వాళ్ళింటికాడికే పోయి చెప్తా. శరణమ్మకు కన్నడం తప్ప రాదు, పక్కన ఎవర్ని కూర్చోబెట్టాల?" రొట్టె తిరగేసేలోగా ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చోవాలో తేలిపోయేది. అలా ఆరు రొట్టెలు కాలేసరికి ఆ రోజు బడి మొత్తం ఆమె తలలో సిద్ధంగా ఉండేది. నేను తరువాత నా ఉద్యోగంలో ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను, పెద్ద పెద్ద ప్రణాళికలు విన్నాను. ఆ పొయ్యి ముందు విన్నంత మంచి ప్రణాళిక ఇంకెక్కడా వినలేదు, ఒట్టు.

ఇక ఆ బడి! అబ్బా, ఎన్ని రకాల పిల్లలమో. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు, కన్నడం మాట్లాడేవాళ్ళు, తెలుగే అయినా ఒకరి తెలుగు ఇంకొకరికి నవ్వొచ్చేవాళ్ళు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో పనిచేసే తల్లులకు బువ్వ క్యారియరు ఇచ్చి ఆలస్యంగా వచ్చేవాళ్ళు. పత్తి సీజన్లో గాలినిండా దూది ఎగిరేది, మా జుట్లు అవ్వల జుట్లలా తెల్లబడేవి, పలకల మీద రాసిన అక్షరాల మీద నూగు వాలేది. గోడ అవతల మిల్లు నడుస్తుంటే మా గోడలు కూడా సన్నగా వణికేవి. చివరి వరసలో కరుణ కూర్చునేది. వాళ్ళమ్మ ఎస్తేరమ్మ మిల్లులో పత్తి గంపలు మోసేది. కరుణకు పుట్టినప్పటి నుంచీ వినబడదు, మాట లేదు. ఇంట్లో ఒంటరిగా వదిలిపెట్టలేక ఆమె బడికి పంపేది. రిజిస్టరులో కరుణ పేరుండేది, అంతే. ఆమెను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. పెద్దమ్మ ఒక్కతే ఆమె వైపు చూసి, దీన్ని ఎట్ల అందుకోవాలబ్బా అని పొయ్యి ముందు గొణుక్కునేది. కరుణ రొట్టె ఒక్కటే ఎప్పుడూ మాడిపోయేది.

ఒకరోజు పెద్దమ్మ నల్లబల్ల వైపు తిరిగి రాస్తోంది. క్లాసు సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. అంత నిశ్శబ్దంలో వెనక నుంచి పకపకా ఒక నవ్వు. తిరిగి చూస్తే కరుణ! మిగిలినవాళ్ళం నోళ్ళు మూసుకుని, పొట్టలు పట్టుకుని ఎర్రబడి ఉన్నాం, మాకు వినబడుతుంది కాబట్టి నవ్వు ఆపుకోవడం తెలుసు. ఆమెకు తెలియదు. పెద్దమ్మ సుద్దముక్క కింద పెట్టింది. "వినపడని పిల్లకు ఏం జోకు వినపడింది? ఎవరు చెప్పినారు?" అని అడిగింది. మేమందరం బాషా వైపు చూశాం. వాడు క్లాసులో అందరికన్నా అల్లరివాడు. వాడు లేచి నిలబడి, "నేను చెప్పలేదు మేడం, చేతుల్తో అంటి" అని నిజం చెప్పేశాడు. పెద్దమ్మ జడకు సుద్దపొడి అంటి తోకలా వేలాడుతోందని వాడు చేతులతో చెప్పాడట! ఇంకేముంది, వీపు పగిలిందనుకున్నాం. పెద్దమ్మ మాత్రం కళ్ళు పెద్దవి చేసి, "ఏదీ, ఇంకోసారి అను" అంది.

అదీ మిల్లు మాట. జిన్నింగు మిల్లులో యంత్రాల హోరులో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదవులు బాగా విప్పి, చేతులు కలిపి మాట్లాడుకునేవాళ్ళు. ఈ కొస నుంచి ఆ కొసకు ఇంటి గొడవలు, కూరల ధరలు, సినిమా కథలు అన్నీ నడిచేవి. బొటనవేలు నోటికి పెడితే నీళ్ళు. నుదుటి మీద చెయ్యి అడ్డంగా గీస్తే మేస్త్రీ వస్తున్నాడు, జాగ్రత్త. గంపలు లెక్కపెట్టడానికి ఒకట్లు వేళ్ళ మీద, పది అంటే భుజం మీద ఒక తట్టు, నూరు అంటే తల మీద చెయ్యి. తల్లులకు బువ్వ తీసుకెళ్ళే పిల్లలందరికీ అది వచ్చు, వాళ్ళ దగ్గర నుంచి మాకూ వచ్చేసింది. సూది పడితే వినబడే మా క్లాసులో నిజానికి సంత జరుగుతోందన్నమాట! సంగతి తెలిసిన పెద్దమ్మ ఆ సాయంత్రమే ఎస్తేరమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుంది. "నాకూ నేర్పమ్మే" అంది. ఎస్తేరమ్మ సిగ్గుపడిపోయి, "అయ్యో, నీకెందుకు టీచరమ్మా ఈ కూలోళ్ళ మాట? మా పిల్ల ఓ మూల కూసుంటే సాలు" అంది. పెద్దమ్మ ఒప్పుకుంటేనా! "కూర్చోవడానికి బడెందుకు, మీ అరుగు లేదా? నీ కూతురు చదువుతాది. నువ్వు నేర్పు" అని చేతులు చాపింది.

నేర్చుకుంది, కానీ ఎంత నవ్వించిందో! వంకర వేళ్ళతో నీళ్ళు అనబోయి ఏడుపు అనేది. అంతకన్నా తమాషా ఇంకోటి. ఎండకు చెమట తుడుచుకోవడానికి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడల్లా క్లాసంతా నిటారుగా సర్దుకునేది. మేస్త్రీ వస్తున్నాడు కదా మరి. ఇంత బుద్ధిమంతులు ఎందుకయ్యారో ఆమెకు చాలాకాలం అంతుపట్టలేదు. అర్థమయ్యాక మాత్రం అవసరమైనప్పుడల్లా చెమట పట్టకపోయినా తుడుచుకునేది. బడి గంట కరుణకు వినబడదు కదా, అందుకని గంట కొట్టినప్పుడల్లా జెండా కొయ్యకు ఒక ఎర్రగుడ్డ ఎక్కించాలని నిర్ణయించింది. ఆ గుడ్డ నేసి పంపింది ఎవరనుకున్నారు? మా నాయన! కండెలు చుట్టుకోమన్న నాయనే, ప్రత్యేకంగా ఎర్రరంగు అద్ది, మూడేళ్ళు వెలవదని హామీ ఇచ్చి మరీ పంపాడు. గుడ్డ పైకి లేచేసరికి కరుణ అందరికన్నా ముందు పరుగెత్తేది. చప్పట్లు కూడా మార్చేసింది పెద్దమ్మ. ఎవరైనా సరిగ్గా చెబితే చప్పట్లు కాదు, పలకలు రెండు చేతులతో నెత్తిన ఎత్తాలి. నల్లని పలకలన్నీ ఒక్కసారి పైకి లేస్తుంటే ఒళ్ళు పులకరించేది. కరుణ కోసం అలా ఎన్నిసార్లు లేచాయో! లెక్కల్లో ఆ పిల్ల పిడుగు. నా కోసం పద్యాలప్పుడు లేచేవి, లెక్కలప్పుడు ఒక్కసారీ లేవలేదు.

అంతా బాగుంది అనుకునే సమయానికి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, ధవళ వస్త్రాలు, నోటిని పూర్తిగా కప్పేసిన మీసం. రిజిస్టరు చూసి, "ఈ చెవిటి పిల్ల పేరు ఇక్కడెందుకుందండీ? ఇటువంటి వాళ్ళకు వేరే బడి ఉంది, అక్కడికి పంపండి" అన్నాడు. ఆ వేరే బడి బస్సులు మారి పోవలసినంత దూరం. ఎస్తేరమ్మ పనిలోంచి దూది తలతోనే పరుగెత్తుకొచ్చి, "నన్నిడిసి యాడుంటాది సార్, ఆడ దీని మాట ఎవురికి తెలుస్తాది?" అని చేతులు జోడించింది. ఆయన రాక్షసుడేమీ కాదు, కానీ నియమాల మనిషి. తనిఖీ రోజు మళ్ళీ వస్తానని, అందరు పిల్లల్ని అడిగినట్టే ఆమెనూ అడుగుతానని, చెప్పగలిగితే పేరు ఉంటుందని, లేకపోతే ఆ రోజే కొట్టేస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రి పెద్దమ్మ అన్నం తినలేదు.  కరుణ లేని బడి నేను ఊహించుకోలేకపోయాను. నా లెక్కలన్నీ నాకు ఎన్నోసార్లు ఓపికగా చెప్పింది, అర్థం కాకపోయినా విసుక్కోకుండా చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని కరుణను నిలబెట్టి ఒక ప్రశ్న అడిగాడు. కరుణ ఆయన మొహంలోకి చూస్తోంది, చూస్తోంది, ఏం చూస్తుంది? మీసం కదులుతోంది తప్ప పెదవి కనబడదు!  అంతే, ఎవరూ చెప్పకుండానే క్లాసు క్లాసంతా చేతులెత్తి ఆయన అడిగిన ప్రశ్నను మిల్లు మాటలో ఆమెకు అందించేశాం. ముప్పై జతల చేతులు గాల్లో! కరుణ మొహం వెలిగింది, జవాబు టకీమని రాసి పలక చూపించింది. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఇదేమిటండీ, నా కళ్ళ ముందే అందరూ కలిసి జవాబు అందిస్తున్నారా? దీన్నే మీరు చదువు అంటున్నారా?" అన్నాడు. "జవాబు కాదు సార్, ప్రశ్న" అని మేం అరిచాం. ఆయన నమ్మలేదు, కలం తీశాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవాళ్ళేమో, పెద్దమ్మ కూడా ఆయన్ను తప్పుపట్టలేదు. ఒక్క నిమిషం ఆలోచించి, "సార్, మీకు అనుమానం ఉండాది కదా. ఒక పని చేద్దాం. జవాబు తెలియని పిల్లతో ప్రశ్న చెప్పించండి. తెలియనిది అందించలేదు కదా" అంది. ఆయన కలం ఆపాడు. "సరే. ఈ క్లాసులో లెక్కలు అసలు రానిది ఎవరికి?" అని అడిగాడు.

"సరోజకు సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో, అబ్బో, ఏం ఉత్సాహంతో అరిచారనుకున్నారు! జీవితంలో నా పేరు అంత గట్టిగా, అంత ప్రేమగా ఎవరూ పిలవలేదు. "సరోజకు ఒక్క లెక్క కూడా రాదు సార్, ప్రామిస్" అని బాషా దేవుడి మీద ఒట్టేశాడు. నేను ఛాతీ విరుచుకుని లేచాను. పెద్దమ్మ మిగతా పిల్లలందర్నీ గోడ వైపు తిప్పి నిలబెట్టింది, తనూ వెళ్ళి వాళ్ళ పక్కన గోడకు మొహం పెట్టి నిలబడింది. హెడ్మిస్ట్రెస్ గోడకు మొహం పెట్టి నిలబడటం నేను ఆ ఒక్కసారే చూశాను. కరుణ వాకిలి అవతల జెండా కొయ్య దగ్గర, నేను గడప మీద. ఇన్‌స్పెక్టరు వంగి నా చెవిలో, పదిహేడును ఏడుతో హెచ్చవేస్తే ఎంత అని అడగమన్నాడు.  భుజం తట్టాను, ఏడు వేళ్ళు చూపించాను, హెచ్చవేతకు గుర్తుగా చేతులు అడ్డంగా కలిపి మళ్ళీ ఏడు చూపించాను. కరుణ కళ్ళు మూసుకుంది, తెరిచింది, పలక మీద రాసి ఎత్తింది. నూట ఎనభై తొమ్మిది.

ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. "తప్పండీ. నూట పంతొమ్మిది రావాలి." గోడ దగ్గర పెద్దమ్మ భుజాలు కుంగిపోవడం నాకు కనబడింది.  కానీ కరుణ ఊరుకుంటేనా! ఆయన తల ఊపడం చూసి అక్కడి నుంచి పరుగెత్తుకొచ్చింది. పలక చూపిస్తుంది, నన్ను చూపిస్తుంది, కోపంతో కాలు నేలకేసి కొడుతుంది. తన భుజం మీద తట్టింది, మళ్ళీ తట్టింది. రెండుసార్లు. అయ్యో నా దేవుడా! కంగారులో నేను భుజం రెండుసార్లు తట్టాను. పదిహేడు కాదు, ఇరవై ఏడు అడిగాను! ఆ మాట చెప్పగానే ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఇరవై ఏడును ఏడుతో హెచ్చవేసి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. నూట ఎనభై తొమ్మిదే. తను అడగని లెక్కకు, ఎవరికీ తెలియని లెక్కకు, ఆ పిల్ల సరైన జవాబు చెప్పింది. ఆయన రుమాలు తీసి నుదుటి చెమట తుడుచుకున్నాడు. కరుణ టక్కున నిటారుగా నిలబడింది.

పెద్దమ్మ గోడ దగ్గర నుంచి తిరిగి వచ్చింది. కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుంది. "సార్, వినపడదని ఆ పిల్ల పేరు కొట్టేసేటట్టయితే, లెక్కలు రావని ముందు ఈ పిల్ల పేరు కొట్టేయండి. ఇది నా చెల్లెలి కూతురు. దీని పేరు ఉండొచ్చు అంటే ఆమె పేరూ ఉండనీయండి." ఆయన నన్ను చూశాడు, కరుణను చూశాడు. మీసం అంచుల దగ్గర కదిలింది. నవ్వాడనుకుంటా. "ఇద్దరూ ఉండనీయండమ్మా" అని కలానికి మూత పెట్టాడు. గోడ వైపు తిరిగి ఉన్న పిల్లలు ఒక్కసారి వెనక్కి తిరిగారు, పలకలన్నీ నెత్తి మీదికి లేచాయి. ఆ సంతోషంలో నా పలక గడపకు కొట్టుకుని పగిలిపోయింది, నాకు పట్టనే లేదు. ఆ సాయంత్రం పెద్దమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి మిరపకాయ బజ్జీలు వేసింది. ఎస్తేరమ్మ, కరుణ, మేం కలిసి తిన్నాం. "ఏమే, భుజం ఒక్కసారి తట్టేదానికి కూడా లెక్క రాదా నీకు?" అని పెద్దమ్మ నా నెత్తి మీద మొట్టి, ఆ చేత్తోనే ఇంకో బజ్జీ పెట్టింది.

నేను తెలుగు టీచరునయ్యాను, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు బళ్ళలో ర్యాంపులున్నాయి, ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు, చెవి మిషన్లున్నాయి, అందర్నీ కలుపుకుపోయే చదువుకు నోరు తిరగని పేర్లున్నాయి. అవన్నీ మంచివే, పెద్దమ్మ చూస్తే ఎగిరి గంతేసేది. కానీ ఒక్కోసారి పిల్లలందరూ ఒక్కచోట ఉంటారు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే దారి మాత్రం ఉండదు. అప్పుడు నాకు ఆ గాల్లో లేచిన ముప్పై జతల చేతులు గుర్తొచ్చి ఆగలేకపోయేదాన్ని. టీచర్ల శిక్షణ తరగతుల్లో మైకు పట్టుకుని మిల్లు మాట గురించి చెప్పేసేదాన్ని. చెప్పిన ప్రతిసారీ చివర్లో ఎవరో ఒకరు అడిగేవారు, "అయితే మేడం, మీకు లెక్కలు వచ్చినాయా?" అని.

పెద్దమ్మ దినానికి కరుణ కూడా వచ్చింది. ఆదోనిలోనే కుట్టు మిషన్లు పెట్టుకుంది, ఆమె దగ్గర ఎంతోమంది ఆడపిల్లలు పని నేర్చుకున్నారు. జుట్టు నెరిసింది, ఈసారి అది దూది కాదు. ఎర్రగుడ్డ ఆమె చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుని నడుముకు దోపుకుంది. సాయంత్రం నన్ను ఎమ్మిగనూరు బస్సెక్కించడానికి స్టాండుకు వచ్చింది. బస్టాండు గోల మీకు తెలుసు కదా, ఇంజిన్లు, హారన్లు, కండక్టర్ల కేకలు. కిటికీల దగ్గర జనం "ఏం? ఏం? వినపడలే" అని అరుచుకుంటున్నారు. మా ఇద్దరికి మాత్రం ఏ అడ్డమూ లేదు. నేను కిటికీలోంచి, ఆమె కింద నుంచి, మనవళ్ళ సంగతులు, మోకాళ్ళ నొప్పులు, బాషా ఎక్కడున్నాడో అన్నీ చెప్పేసుకున్నాం. బస్సు కదిలే ముందు కరుణ మొహంలో ఒక కొంటెతనం మెరిసింది. భుజం మీద తట్టింది. ఒక్కసారే. ఏడు వేళ్ళు. చేతులు అడ్డం. మళ్ళీ ఏడు.

ఓసి దీని దుంప తెగ! అప్పుడు అడగకుండా పోయిన లెక్క. నేను వేళ్ళు మడవడం మొదలుపెట్టాను. పది ఏడులు డెబ్భై, సరే, అక్కడి దాకా వచ్చాను. ఏడు ఏడులు? బస్సు కదిలింది. పక్కసీటు అబ్బాయి, "ఏమైనా మరిచిపోయినారా అవ్వా?" అని అడుగుతున్నాడు. "గమ్మునుండు నాయనా, లెక్క చేస్తాండా" అన్నాను. నలభై తొమ్మిది. డెబ్భై, నలభై తొమ్మిది. బస్సు మలుపు తిరుగుతోంది. కిటికీలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి తల మీద చెయ్యి పెట్టాను, భుజం మీద ఒక్కసారి, ఒకే ఒక్కసారి తట్టాను, తొమ్మిది వేళ్ళు ఎత్తి చూపించాను.

అంత జనం మధ్యలో, నడుములోంచి తీసి, రెండు చేతులతో కరుణ ఎర్రగుడ్డను నెత్తి మీదికి ఎత్తింది.